మామ్మ కాలు

దెందులూరు
6 ఆగస్టు 2006

ఏవండీ,

దుర్గ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం నాకు అలవాటు. పోయిన రెండు ఉత్తరాలూ అలాగే మొదలుపెట్టి అబద్ధం రాశాను. ఈసారి మొదటే నిజం రాస్తున్నాను. మన వేణి కాలు బాగాలేదు.

జగ్గారావు గారి కొట్లో ఫోనుంది కదా, చెప్పొచ్చు కదా అంటారు. ఆ కొట్లో నేను కాలు అన్నానంటే, ఉప్పు ప్యాకెట్టు కట్టించుకుని ఇల్లు చేరేలోపు ఊరంతా దాన్ని బోదకాలు చేసేస్తుంది. అందుకే ఉత్తరం. మీరు కూడా చెరువు గట్టు మీద పదిమందిలో చదవకండి. పక్కకి వెళ్ళి చదవండి.

బడి తెరిచిన కొత్తలో కుడి మోకాలి కింద నొప్పి అంది. ఖోఖో ఆడి ఎక్కడో తగిలించుకుని ఉంటుందనుకున్నాను, అమృతాంజనం రాశాను. కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు మన చేపల చెరువు గట్టు కొట్టేసిన దగ్గర్నుంచీ, మీరు ఆ నెల్లూరు అవతలకి రొయ్యల చెరువుల మీద పనికి వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు పిల్ల కాలు చూసే తీరిక కూడా లేకపోయింది. ఒకరోజు తలంటి పోస్తుంటే చూశాను. మోకాలికి బెత్తెడు కింద వాపు. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

మీ అమ్మగారిని పిలిచాను. ఆవిడ పీట మీద కూర్చుని, పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే, "బోదకాలే. నా కాలే దానికొచ్చింది. ఎవరితోనూ అనకు. నా కొడుక్కి కూడా రాయకు" అని నా చేయి తీసి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టే ఇప్పుడు తప్పుతున్నాను.

ఇంట్లో బోదకాలున్న మనిషి ఉంటే ఇంకెవరి కాలు వాచినా అదేననుకుంటాం కదండీ. నేనూ అదే అనుకున్నాను. ఫైలేరియా ఆఫీసు వాళ్ళు రాత్రిపూట రక్తం తీయడానికి మన వీధికి వచ్చినప్పుడు వేణి వేలు కూడా చాపించాను. రక్తంలో పురుగు లేదని చెప్పారు. నేను ఆనందపడేలోపే మీ అమ్మగారు, "నాకూ మొదట్లో కనపళ్ళేదు" అన్నారు. మాత్రలు మింగిస్తున్నాం. పరికిణీ కిందికి దించి కుట్టించాం. సైకిలు మాన్పించాం. వాపు మాత్రం తగ్గలేదు. పడుకున్నాక నొప్పి ఎక్కువవుతోంది, తలగడ అంచు పళ్ళతో పట్టుకుంటుంది. నేను చూడడం లేదనుకుంటుంది పిచ్చిది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం అంటే మీ అమ్మగారు వినడం లేదు. "బోదకాలే, బోదకాలే" అని జపం చేసినట్టు అంటున్నారు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ పేరు పెట్టడానికి అంత తొందరేమిటి? నాకు ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను, కోప్పడితే కోప్పడండి. ఇన్నేళ్ళూ ఒక్కరూ ఆ కాలు ఈడ్చారు కదా, మీ అమ్మగారికి ఇప్పుడు తోడు కావాలేమో.

ఏం చేయమంటారో వెంటనే రాయండి.

మీ
వీరదుర్గ


దెందులూరు
21 ఆగస్టు 2006

ఏవండీ,

మీ జవాబు అందింది. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. వేరేలా అర్థమవుతుందేమోనని. కాలేదు.

"అమ్మ నలభై ఏళ్ళు ఆ కాలితో వేగింది. ఆవిడకి తెలిసినంత మనకేం తెలుసు, ఆవిడ చెప్పినట్టు విను" అని రాశారు. మీ అమ్మగారి మీద మీకున్న గురి నాకు తెలుసు. నాకూ ఉండేది. కానీ మీరు ఈ కాలు చూడలేదు. నేను రోజూ చూస్తున్నాను. నిన్నటి వాపుకీ ఇవాళ్టి వాపుకీ తేడా నా వేళ్ళకి తెలుస్తోంది.

మొన్న శాలిని టీచరు ఇంటికి వచ్చారు. చర్చి వీధిలో ఉంటారే, లెక్కలు చెప్పే ఆవిడ. వేణి క్లాసులో కింద కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడి పాఠం వింటోందట. "ఏమ్మా అని అడిగితే నిలబడితే బాగా అర్థమవుతుంది మేడమ్ అంటోందండీ. నాకు అబద్ధం చెప్పే పిల్ల కాదు" అన్నారు. మీ అమ్మగారు లోపల ఉన్నారు. నేను టీచరు చేయి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరి ఆడేలా లేదు.

ఆవిడ తిట్టలేదు, జాలి కూడా పడలేదు. "ఏలూరులో డాక్టర్ విక్టోరియా గారున్నారండీ. ఎముకలు చూస్తారు. అది బోదకాలో కాదో ఆవిడే చెప్తారు కదా, మనమెందుకు అనుకోవడం" అన్నారు. అంతే. ఆ ఒక్క ముక్క ఇన్నాళ్ళూ నా బుర్రకెందుకు తట్టలేదో తెలియదు. ఇంట్లో అందరం కలిసి జబ్బుకి పేరు పెట్టేశాం, ఆ పేరుతోనే ఫైలేరియా వాళ్ళకి వేలు చాపించాం, ఆ పేరుకే మందు మింగించాం.

రేపు పొద్దున్న వేణిని తీసుకుని వెళ్తున్నాను. మీ అమ్మగారికి తాడేపల్లిగూడెంలో మా అక్క మనవరాలి అన్నప్రాశన అని చెప్పాను. ఆవిడ నెత్తిన చేయి పెట్టి ఒట్టేసిన మాటా పోయింది, ఇప్పుడీ అబద్ధమూ చేరింది. వచ్చాక ఏమైనా అననివ్వండి. పడతాను. మీరు కూడా అనండి. పిల్ల కాలు మాత్రం చూపించే వస్తాను.

మీ
దుర్గ


దెందులూరు
24 ఆగస్టు 2006

ఏవండీ,

నిన్న జగ్గారావు గారి కొట్టు నుంచే మీ యజమాని గారికి ఫోను చేశాను. వాళ్ళబ్బాయి ఎత్తాడు. మీరు చెరువులో రొయ్యల పట్టుబడి మీద ఉన్నారు, దొరకరన్నాడు. ఏమని చెప్పాలండీ అన్నాడు. కొట్లో నలుగురు నిలబడి ఉన్నారు. "మా అమ్మాయికి ఎముక క్యాన్సర్ అని అనుమానం, హైదరాబాదు తీసుకెళ్తున్నాం, వెంటనే బయల్దేరమనండి" అని అరిచి చెప్పాను. లైను సరిగా లేక రెండుసార్లు అరవాల్సొచ్చింది. జగ్గారావు గారు ఫోను డబ్బులు తీసుకోలేదు. ఇన్నాళ్ళూ దాచిన పరువు ఆ కొట్లోనే వదిలేసి వచ్చాను, నాకేమీ అనిపించలేదు. ఆ అబ్బాయి ఎంతవరకు చెప్పాడో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం పొద్దున్న ఇద్దరం రోడ్డు మీదికి వెళ్ళాం. గూడెం వైపు బస్సులు అవతల ఆగుతాయి, ఏలూరు వైపువి ఇవతల. ఇవతల వైపు వేపచెట్టు నీడలో గొడుగేసుకుని ఎవరో నిలబడ్డారు. దగ్గరికి వెళ్తే మీ అమ్మగారు. పెళ్ళిళ్ళకి రమ్మంటే రాని మనిషి, ఫోటో తీస్తామంటే కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడే మనిషి, మాకంటే ముందు నడిచి వచ్చి హైవే మీద నిలబడి ఉన్నారు. జరీ అంచు చీర కట్టుకున్నారు.

నేను సంచీ వెనక్కి దాచాను. ఆవిడ మాత్రం మామూలుగా, "గూడెం బస్సు అటేపు గదమ్మా ఆగేది, ఇటేపు వచ్చారేంటి?" అన్నారు. వేణి నా వెనక్కి నక్కింది. "అన్నప్రాశనకెళ్ళేదానివి ఫైలేరియా వాళ్ళ చీటీ సంచీలో ఎందుకు పెట్టావే? పద. బస్సొస్తంది. నేనూ వస్తాను."

బస్సులో ఆవిడ కాలు మడిచి కూర్చోలేక దారిలోకి చాపారు. కండక్టరు చూసి ఆగాడు. "బోదకాలే బాబూ, అంటుకోదులే, టికెట్టు కొట్టు" అన్నారు. వేణి ఫక్కున నవ్వింది. ఎన్ని రోజులైందో దాని నవ్వు విని.

విక్టోరియా గారు పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడతారు. వేణినే అడిగారు అన్నీ. నొప్పి ఎప్పుడు ఎక్కువ, చలిజ్వరం ఎప్పుడైనా వచ్చిందా, గజ్జల్లో బిళ్ళ కట్టిందా. అన్నిటికీ లేదు, లేదు అంది. "మరి బోదకాలని ఎవరు చెప్పారమ్మా?" అంటే "నేనేనండి" అన్నారు మీ అమ్మగారు, తల ఎత్తకుండా. డాక్టరు గారు కలం తీశారు. ఎక్స్‌రే రాశారు, రక్తం పరీక్షలు రాశారు.

సాయంత్రం లాబ్‌లో కాగితం ఇచ్చారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్నదాని పక్కన అంకె కింద గీత కొట్టి ఉంది. పక్కనే ఉండాల్సిన అంకె కూడా అచ్చేసి ఉంది, దానికీ దీనికీ పొంతన లేదు. నా ముఖం చూసి ఆ అబ్బాయి, "ఎదిగే పిల్లలకి ఎక్కువే ఉంటదండీ, ఆ పక్కనున్నది పెద్దవాళ్ళ లెక్క" అన్నాడు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ముగ్గురం వెళ్ళి పెసరట్టు తిన్నాం. మీ అమ్మగారు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, మిగతాది వేణి ప్లేటులో వేసేశారు.

డాక్టరు గారు ఆ కాగితం ఎక్స్‌రే పక్కన పెట్టుకుని చూశారు. వేణిని నర్సుతో బయటికి పంపారు.

"లాబ్ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఎముక కొత్తగా కడుతున్నప్పుడు రక్తంలో ఇది పెరుగుతుంది. ఎదిగే పిల్లల్లో పెద్దవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఉండొచ్చు. కానీ మీ అమ్మాయికి అంతకంటే కూడా చాలా ఎక్కువుంది. ఇదిగో, ఎల్‌డీహెచ్ అని ఇంకోటి, అదీ పెరిగింది. రక్తం చూసి మాత్రమే నేనేమీ తేల్చను. ఇవి మామూలుగా ఉన్నా ఆ వాపుకి ఎక్స్‌రే తీయించేదాన్నే. ఎక్స్‌రేలో ఇక్కడ చూడండి, ఎముక అంచు చెదిరినట్టుంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ దీని పేరు చెప్పకూడదు" అన్నారు.

"ఏ పేరండీ?" అని నేనే అడిగాను.

"క్యాన్సర్ కావచ్చు. కాకపోవచ్చు కూడా. కానీ కాదనుకుని కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. ఆ కాలు పిసకొద్దు, కట్లు కట్టించొద్దు. ముక్క తీయడం కూడా ఇక్కడ కాదు, ఆపరేషన్ చేసేవాళ్ళే తీయాలి. హైదరాబాదుకి ఉత్తరం రాసిస్తాను, ఈ వారమే వెళ్ళండి."

అప్పుడు జరిగిందండీ నేను మీకు చెప్పాలనుకున్నది. మీ అమ్మగారు కుర్చీలోంచి లేచారు. చీర మోకాలిదాకా ఎత్తి, ఆ కాలు ఎత్తి డాక్టరు గారి ముందున్న స్టూలు మీద పెట్టారు. నేను కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఆ కాలు అంత వెలుతుర్లో చూడలేదు. "ఇది చూడండమ్మా. నా కాలు చూడండి. మా ఇంట్లో ఉన్న జబ్బే. దానికీ ఇదే వచ్చిందని రాయండి. బోదకాలేనని రాయండమ్మా, మీకు పుణ్యముంటది" అని రెండు చేతులూ జోడించారు.

విక్టోరియా గారు ఆ చేతులు పట్టుకున్నారు. "అలా రాస్తే తగ్గేదైతే ఎప్పుడో రాసేదాన్ని మామ్మగారూ" అన్నారు. కాలు దింపడానికి ఆవిడే సాయం పట్టారు.

రేపు సాయంత్రం ఏలూరులో రైలెక్కుతున్నాం. మీ అమ్మగారిని అక్క దగ్గర గూడెంలో దింపుతానంటే వినలేదు, సంచీ సర్దేసుకున్నారు. వేణికి ఎముకలో ఇన్ఫెక్షనని చెప్పాను. అది నన్ను కాసేపు చూసి, "సరేలే అమ్మా" అంది. దానికి తెలిసిపోయినట్టుంది.

మీరు నేరుగా హైదరాబాదు రండి. ఆసుపత్రి పేరు కవరు వెనక రాశాను.

దుర్గ


హైదరాబాదు
19 సెప్టెంబరు 2006

ఏవండీ,

మీరు ఇక్కణ్ణించి, చెరువు యజమానికి అప్పగించి రావడానికి వెళ్ళిన మర్నాడే ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరే. ఈ మాట రాయడానికి కలం రెండుసార్లు పక్కన పెట్టాను. ఇక మిగతాది వినండి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. స్కానులో ఎక్కడా లేదు. కాల్లోనే ఉంది, ఆ ఎముక దాటలేదు. ముందు మందులు ఎక్కిస్తారు, గడ్డ కుంచించుకున్నాక ఆపరేషన్. చెడిన ఎముక తీసేసి లోపల స్టీలు కడ్డీ లాంటిది వేస్తారట. కాలు ఉంచగలమనే అనుకుంటున్నాం, ఒట్టేసి మాత్రం చెప్పలేం అన్నారు పెద్ద డాక్టరు గారు. ఇంకో రెండు మూడు నెలలు ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ మాట కూడా చెప్పేవాళ్ళం కాదన్నారు. ప్రతి విడతకీ రక్తం తీసి ఆ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంతుందో చూస్తారు. దిగుతుంటే మందు పనిచేస్తున్నట్టు ఒక గుర్తు అన్నారు. మొదటి విడత ఎక్కింది. వాంతులవుతున్నాయి. పిల్ల తట్టుకుంటోంది, నాకంటే గట్టిది.

ఇక్కడినుంచి మీ అమ్మగారు చెప్తుంటే రాస్తున్నాను. మీరు ఎదురుగా ఉన్న నాలుగు రోజులూ నోరు విప్పలేదు. ఇప్పుడు నా ముందు కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు అంటున్నారు. కలపడం లేదు.

"బాబూ నరసరాజూ, అమ్మ చెప్తంది. ఆ రోజు అమ్మడి కాలు నొక్కినప్పుడే నాకు తెలిసింది అది బోదకాలు కాదని. నాకొచ్చినప్పుడు చలిజ్వరమొచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, మూడు రోజులు ఒళ్ళెరగలేదు. కాలు నొక్కితే వేలు దిగి సొట్ట పడేది. అమ్మడికి జ్వరం లేదు, సొట్ట లేదు. రాయిలా ఉంది. అలాంటి కాలు నేనొకసారి చూశాను. అత్తిలిలో మా పుట్టింట్లో, నా ఆఖరి తమ్ముడు అబ్బాయిరాజుకి. మీరెవరూ ఎరగరు. అమ్మడంత వయసే. మోకాలి కిందే. నూనె రాసి తోమించారు, కట్లు కట్టించారు, మళ్ళీ పంట ఇంటికి రాకుండానే పోయాడు. నాకదే కళ్ళముందాడింది బాబూ. బోదకాలైతే మనిషి పోదు గదా. నేను పోయానా? నలుగురూ నవ్వినా, ఏ పెళ్ళికీ పోకపోయినా, కాలీడ్చుకుంటా నిన్ను పెంచాను గదా. దాన్నీ అలా బతకనీ అని రోజూ ఆ పేరే అనుకున్నాను. పదిసార్లంటే అదే అవుద్దేమోనని. నీ పెళ్ళాం నా మాట వినకుండా బయలుదేరింది కాబట్టి సరిపోయింది. అది విని ఉంటే? నీకు చెప్పాల్సింది ఇదే. దాని మీద ఎప్పుడూ గొంతు పెంచకు."

ఇంతవరకే చెప్పారు. ఆ చివరి మాట రాయనని అన్నాను. రాస్తేగానీ ఇక్కణ్ణించి లేవనని కూర్చున్నారు. రాశాను.

వేణి జుట్టు ఊడుతుందని నర్సు చెప్పింది. దానికంటే ముందు మీ అమ్మగారు భయపడ్డారు. అదేమో, "మామ్మా, నేను కడ్డీ వేసిన కాలితో కుంటుతా, నువ్వు ఆ కాలితో ఈడుస్తావు, జగ్గారావు గారి కొట్టుదాకా పందెం వేసుకుందాం" అంది. ఈవిడ, "గెలుపు నాదేనే, నాకు నలభై ఏళ్ళ అలవాటు" అన్నారు. ఇప్పుడు వార్డులో చీర ఎగ్గట్టుకునే తిరుగుతున్నారు. ఎవరైనా చూస్తే చూస్తారు. పక్క మంచం వాళ్ళకి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు కూడా ఆవిడే తెచ్చిపెడుతున్నారు.

ఇందాక ఉత్తరం మడుస్తుంటే, "ఇంతకుముందు వాడికి నా గురించి ఏం రాశావే?" అని అడిగారు. "ఏం రాస్తానండీ, మీరు బాగున్నారని రాశాను" అన్నాను. నమ్మారో లేదో.

ఏవండీ, మీరు ఆదివారం వస్తున్నారు కదా. నా ఉత్తరాలన్నీ పెట్టెలో దాచుకునే అలవాటు మీకుంది. ఆవిడకి తోడు కావాలేమో అని రాసిన ఆ మొదటి ఉత్తరం మాత్రం తేకండి. చెరువులో పడేసి రండి.

మీ
దుర్గ